ఒక్క పేరు చెప్పని మా నాయిన

ఇది రాసిపెట్టకపోతే మా ఊళ్లో మా నాయిన గురించి చెప్పుకునే కథ ఒక్కటే మిగులుతుంది. అది అబద్ధమని అనను. నిజమని ఒట్టు వేయలేను. ఆ కథలో ఎవరూ చెప్పని ముక్క ఒకటి నా దగ్గర ఉంది. నాకూ చక్కెర జబ్బు వచ్చి ఏళ్లయింది, ఈమధ్య మాట్లాడుతుండగానే మాట జారిపోతున్నది. అందుకే ఈ తొందర.

మాది మోత్కూరు దగ్గరి పల్లె. దొరల మీద సంఘం తిరగబడ్డ రోజుల్లో నాయిన దొర పొలం దున్నుతూనే, గుట్టల్లో దాగిన సంఘపోళ్లకు జొన్నరొట్టెలు మోసేవాడు. ఏయే ఇండ్లలో ఆ రొట్టెలు చేస్తారో ఆయనకు తెలుసు. ఆ ఇండ్ల పేర్లు బయటపడితే ఆ ఇండ్లు మిగలవు.

ఆ ఏడు ఎండాకాలం నుంచే నాయిన ఒంట్లో ఏదో తేడా వచ్చింది. చెంబెడు నీళ్లు తాగి మళ్లీ చెంబు చాపేవాడు. మనిషి ఎండిపోయాడు. ఇంటి వెనుక ఆయన ఒంటేలు పోసిన చోట చీమలు బారులు తీరేవి. అమ్మ ఎగతాళి చేసేది.

“ఏందయ్యా, నీ ఎన్క చీమలు పెండ్లికొచ్చినట్టు వస్తున్నయ్. మాకు తెల్వకుండ బెల్లం తింటున్నవా?”

“ఇంట్ల బెల్లం ఉంటే గద నే తినేటందుకు?” అనేవాడు నాయిన.

రొట్టెల మూట చంకలో పెట్టుకుని మూట ఏదని ఇల్లంతా వెతికిన రోజు కూడా నవ్వుకున్నాం.

తర్వాత దొర మనుషులు ఆయన్ని దొర ఉండే గడీకి పట్టుకుపోయారు. రొట్టెలు చేసేదెవరో చెప్పమని కొట్టారు. తెచ్చి మా వాకిట్లో పడేసేసరికి తల మీద రక్తం ఎండి అట్టకట్టి ఉంది. కానీ ఆ తర్వాత ఏ ఇంటి మీదికీ ఎవరూ రాలేదు. పేర్లు బయటపడలేదని ఊరికి అర్థమయింది.

కొన్నాళ్లకు పోలీసు యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయింది. దొర పట్నం పారిపోయాడు. ఆ సంబరంలో ఇంటింటి నుంచి నాయినకు తీపి వచ్చింది. బెల్లం ముద్దలు, పాయసం, పానకం. దెబ్బలకు మతి చెదిరిందనీ, తీపి తింటే కుదురుకుంటుందనీ అందరి నమ్మకం. ఒకనాడు పక్కింటి పెద్దనాయిన గిన్నెడు పాయసం తెచ్చి ఆయన ముందు కూర్చున్నాడు.

“తిను తమ్మీ. గంత కొట్టినా నీ నోట్లకెళ్లి ఒక్క పేరు ఎల్లలే. గీ నోరు తీపి చెయ్యకుంటే మాకు పాపం.”

నాయిన గిన్నెను చూసి, ఆయన్ని చూశాడు. “ఏం పేరు?”

“మా పేర్లే తమ్మీ. రొట్టెలిచ్చినోళ్లయి.”

“ఏం రొట్టెలు?”

వాకిలంతా నవ్వు. “సూడుండ్రి! దొర ఉరికిపోయిండు, గీయన ఇంక గూడ చెప్తలేడు!”

నాయిన కూడా నవ్వాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. అందరూ నవ్వుతున్నారని నవ్వాడు, అంతే.

తర్వాత ఒక పొద్దున అమ్మనే “నువ్వెవరి బిడ్డవమ్మా?” అని అడిగాడు. కాలికి పుండు లేచి ఎంతకీ మానలేదు. దానితోనే పోయాడు.

నేను బడికి పోలేదు. పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు నావి. మోత్కూరు లైబ్రరీలో కథల బీరువా ముగించి వైద్యం బీరువాకు వచ్చాను. దాన్నీ ముగించానని ఇప్పటికీ గర్వమే. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల ఒంటేలుకు చీమలు పడతాయన్న సంగతి అక్కడే ఒక పుస్తకంలో దొరికింది. మెదడు సంగతి చాలా ఏళ్లకు మరో పుస్తకంలో చదివాను. ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తే రక్తంలో చక్కెర పొంగుతున్నా మెదడు దాన్ని సరిగా వాడుకోలేదట. సన్నటి రక్తనాళాలు పాడవుతాయట. జ్ఞాపకం మెల్లగా సడలుతుందట. ఎవరికి ఎంత తొందరగా అన్నది మాత్రం పుస్తకం చెప్పలేదు.

చీమలు గడీ దెబ్బల కంటే ముందే వచ్చాయి. మూట వెతుక్కోవడమూ ముందే.

గడీలో ఆయన పేర్లను దాచాడా? లేక ఆ పేర్లు ఆయన దగ్గర లేకుండా పోయాయా? చెబితే కొట్టడం ఆపుతారని తెలిసి, చెప్పడానికి ఏదీ గుర్తురాక కొట్టించుకున్నాడా? ఇది తలచుకుంటే నాకు అన్నం దిగదు.

అమ్మకు ఆ పుస్తకం చదివి వినిపించాను. అప్పటికి ఆమె పండు ముసలి.

“అయితే బెల్లం పెట్టి మేమే సంపినమా?”

“గట్ల కాదే అమ్మా, అప్పుడెవరికి తెలుసు...”

“మీ నాయిన చెప్పొద్దనుకున్నడు, చెప్పలే. నీ పుస్తకం రాసినాయన గడీల ఉన్నడా?”

“లేడు.”

“మరి మూసెయ్.”

మూశాను. ఆమె ఉన్నన్నాళ్లూ మళ్లీ ఎత్తలేదు.

పుస్తకాలు చెప్పినవన్నీ ఇప్పుడు చేస్తున్నాను. మాత్రలు, నడక, అన్నం బదులు కొర్రలు. అయినా మొన్న బస్టాండులో ఎందుకొచ్చానో తెలియక నిలబడ్డాను.

సాయం చేసినవాళ్లకు పేరుపేరునా దండం పెట్టాలి. కొందరు పేరు వద్దన్నారు. ఇంకొందరి పేర్లు ఎంత తడుముకున్నా రావడం లేదు. తలుపులు మూసే వేళయినా లేవమనని లైబ్రరీ సారుకు, దాచకుండా “ఆపలేం, జర నెమ్మది చేస్తం” అని చెప్పిన దవాఖాన డాక్టరమ్మకు, తప్పులు దిద్దిన నా మనవరాలికి దండాలు. నాకు సగమే గుర్తున్న పాయసం నాటి మాటలు తాత దగ్గర విన్నవి విన్నట్టే నాకు చెప్పిన పెద్దనాయిన మనవడికి కూడా. వాడు ఇది చదివితే నొచ్చుకుంటాడు. తమ ఇల్లు నిలబడ్డది మా నాయిన వల్లనే అని వాడింకా అందరికీ చెబుతుంటాడు. కాదని నేను చెప్పలేను.