వాసన చూసే వంతు

మొన్న పెందుర్తిలో మా ఇంటి గేటు కమ్మీ వంగిపోతే, దాన్ని కాచి సరిచేయడానికి వచ్చినతను వెంట సిలిండరు తెచ్చుకున్నాడు. మంట వెలిగించే ముందు ముక్కు పైకెత్తి ఒకసారి వాసన చూశాడు. నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు వెళ్ళానో ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు, నా ఈడువాళ్ళు కనుక మీకు చెబుతాను.

డెబ్బైల్లో నేను రేవులో ఓడలు బాగుచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరుగా చేరేనాటికి మాకు తెలిసిన గ్యాసు ఒక్కటే, కార్బైడ్ రాళ్ళ మీద నీళ్ళు పడితే పుట్టే ఎసిటిలిన్. కుళ్ళిన వెల్లుల్లి కంపు, మా చొక్కాలను ఎంత ఉతికినా వదిలేది కాదు. కానీ ఆ మంట పదునే వేరు. నన్ను ఆ పనిలో పెట్టింది మా బావ, అంటే అక్క భర్త, ఇనుప ప్లేట్లు కోయడంలో అంతటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు.

ఎనభైల మొదట్లో వంటగ్యాసు లాంటిదే పెద్ద సిలిండర్లలో వచ్చింది. ఏది మేలో తేల్చమని మేనేజరు నాకు అప్పగిస్తే, ఒకే మందం ప్లేటును రెండింటితోనూ కోసి, కాచి, అతికి చూశాను. అతకడానికి కొత్తది పనికిరాదు, ఇనుము కాగడానికీ ఆలస్యమే, ఆక్సిజన్ కూడా ఎక్కువ తాగుతుంది. అయినా కోత అంచు నున్నగా వచ్చింది, పైగా చవక. కోతకీ కాచడానికీ ఇదే వాడమని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. అది గాలికన్నా బరువని, కారితే అడుగునే పేరుకుంటుందని మాత్రం తెలుసుకోలేదు.

ఓడ అడుగు ట్యాంకుల్లో పని ఉన్నప్పుడు, భోజనానికి పైకి వస్తూ గ్యాసు గొట్టంతో సహా కోత టార్చిని లోపలే వదిలేసి, తిరిగి దిగేముందు ఒకడు ట్యాంకు పైన మనిషి దిగే మేన్‌హోల్ మీద వంగి వాసన చూడడం మా అలవాటు. కార్బైడ్ గ్యాసు తేలిక కనుక కారితే పైకి లేచి మొహాన కొట్టేది, అప్పుడెవరూ దిగేవాళ్ళం కాదు. కొత్త గ్యాసు వాడుకలోకి వచ్చిన కొన్నాళ్ళకి, ఒక రోజు ఆ వంతు నాది.

"ఏటి బామ్మర్దీ, వాసనేటైనా వత్తందా?" అన్నాడు మా బావ.

"ఏటీ లేదు, దిగిపో" అన్నాను.

టార్చి కుళాయి సరిగా బిగియలేదు. గంటసేపు కారిన గ్యాసు కింద మోకాళ్ళ ఎత్తున నిలిచి ఉంది. లైటరు నొక్కిన చప్పుడు, ఆ వెంటే మంట, ఆ వెంటే ఆయన కేక. మూడు రోజులు ఆసుపత్రిలో అరటాకు మీద పడుకుని, మంచినీళ్ళు అడుగుతూ అడుగుతూ పోయాడు.

"వాసన సూసే దింపావు కదా తమ్ముడూ?" అని అక్క ఒక్కసారే అడిగింది. చూశానన్నాను, అది అబద్ధం కాదు. ఆ గ్యాసు మేలని చెప్పింది నేనేననీ, వాసన చూడవలసింది పైన కాదనీ చెప్పడానికి నోరు రాలేదు.

ఇప్పుడు అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో మనిషిని దింపేముందు గ్యాసు కొలిచే మీటరు గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా వదిలి, అంకె చూసి, కాగితం మీద సంతకం పెట్టాకే దింపుతారట. మంచిదే, కానీ విన్నప్పుడల్లా ఏడుపొస్తుంది. పోయిన ఏడాది అక్క కన్నుమూసింది. బతికినంత కాలం బావ తద్దినానికి నన్ను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, ఆ వేళ మా తమ్ముడు చెయ్యవలసిందంతా చేశాడని వచ్చినవాళ్ళందరికీ చెబుతూ వడ్డించేది. నేను తలవంచుకుని అన్నం కలుపుకునేవాణ్ణి.