గంధం పూసిన డిస్కు

తిరుత్తణి స్టేషన్ దగ్గర రత్నస్వామి కంప్యూటర్ రిపేరు కొట్టులో పని చెవితో మొదలవుతుంది. పట్టాభిరామ్ ఊళ్ళో ఓ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు మోటార్ల చప్పుళ్ళ మధ్య బతికిన మనిషి మరి. పాత హార్డ్ డిస్కును చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటే, లోపల తిరిగే పళ్ళెం తన కష్టం చెప్పుకుంటున్నట్టే ఉంటుంది ఆయనకు. కొత్త ఎస్‌ఎస్‌డీలంటే మాత్రం గుర్రు. వాటిలో తిరిగే పళ్ళెమే ఉండదు. వేగంగా పనిచేస్తాయి, కింద పడ్డా తట్టుకుంటాయి, నిజమే. కానీ పోయేటప్పుడు మాటా పలుకూ ఉండదు.

ఆ మధ్యాహ్నం కే.జీ.కండిగై నుంచి వళ్ళియమ్మ, ఆమె మనవరాలు మోక్షిత రెండు రకాలూ తెచ్చారు. నాట్ల పాటలకు ఆ చుట్టుపక్కల వళ్ళియమ్మది పేరున్న గొంతు. పోయినేడు గొంతుకు ఆపరేషన్ అయ్యాక గుసగుసే మిగిలింది. ఆమె పాడినవన్నీ ఈ రెండింటిలోనే ఉన్నాయి.

"ఎస్‌ఎస్‌డీని భద్రంగా నాలుగేండ్లు బీరువాలో పెట్టినాము మామా. ఒక్క దినం గూడా తగిలించలే. ఇప్పుడు చూస్తే ఏమీ లేదు," అంది మోక్షిత.

"కరెంటు తగలక అంతా మర్చిపోయుంటాది పాపా." ఇదీ పలకడం లేదని ఇచ్చిన పాత డిస్కును తిప్పి చూసి రత్నస్వామి నోరు తెరిచాడు. సర్క్యూట్ బోర్డు నిండా ఎండిన గంధం, కుంకుమ.

"ఏటా ఆయుధ పూజకు నేనే పూసినాను," వళ్ళియమ్మ గుసగుసగా ఒప్పుకుంది. ట్రాక్టరుకూ బావి మోటారుకూ బొట్టు పెట్టిన చెయ్యి, తన గొంతున్న డబ్బాను ఎలా వదిలేస్తుంది!

"శానా బాగా చేసినావక్కా పూజ!" నవ్వాడే గానీ ఆయనకూ గుబులుగానే ఉంది. బోర్డు విప్పి, రాగి బిళ్ళలను పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. కొట్టంతా గంధం వాసన. కరెంటు ఇచ్చి చెవి ఆనించాడు. సన్నటి మూలుగు, ఆ తర్వాత నిదానంగా తిరిగే చప్పుడు.

డిస్కును కంప్యూటర్‌కు తగిలించి ఒక ఫైలు నొక్కాడు. పాట మొదలైంది. స్టేషన్‌లో తమిళ ప్రకటనలు ఎక్కడికో దూరం జరిగాయి. కాళ్ళ కింద సిమెంటు నేల మెత్తటి బురదగా చల్లబడినట్టయింది రత్నస్వామికి. పక్కన ఎవరో నారు అందిస్తున్నట్టు చెయ్యి చాచాడు కూడా.

వళ్ళియమ్మ ఉన్నట్టుండి చెయ్యెత్తింది. "ఆపు. కడాపటి చరణం యాడ? ఆ దినం రికార్డు చేసేటప్పుడు మింగేసినాను. అది నాకొక్కదానికే తెలుసు." పాడబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రత్నస్వామి కళ్ళు మూసుకుని, ఆమె పెదాల దగ్గరికి చెవి పెట్టాడు.

"చెప్పక్కా."

ఆమె ఊదినట్టు చెప్పిన ఒక్కో మాటనూ ఆయన బొంగురు గొంతుతో పైకి పాడాడు. మోక్షిత ఫోన్‌లో రికార్డు చేసింది. అయిపోయాక వళ్ళియమ్మ ఆయన చెయ్యి మీద కొట్టింది.

"తాళం తప్పినావయ్యా. మళ్ళా పాడు."