తెరకు ఆనించిన అరచెయ్యి

మెట్రోలో ఆడవాళ్ళ పెట్టెలోకి అడుగు పెట్టగానే మెహందీ వాసన గుప్పుమంది. ఉత్తరాది ఆడవాళ్ళ నోము కర్వా చౌథ్ మర్నాడు వైశాలి నుంచి నోయిడా వెళ్ళే దారంతా ఇదే వాసన. పైన కడ్డీ పట్టుకున్న చేతులన్నీ మోచేతుల దాకా ఎర్రగా పండి ఉన్నాయి. వాటి మధ్య నా చెయ్యి కూడా ఉంది. నాది మెహందీ కాదు, గోరింటాకు. అరచేతి మధ్యలో ఒక చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. అట్లతద్దికి పెట్టుకున్నది కాబట్టి వీళ్ళకంటే ఒక్కరోజు పాతది. నిజానికి మా కరీంనగర్ వైపు అట్లతద్ది లేదు, నేను బతుకమ్మ ఆడుతూ పెరిగినదాన్ని. ఈ నోములో కూడా నాకు సగమే పట్టు. అట్లు తింటాను, గోరింటాకు పెట్టుకుంటాను, ఉపవాసం మాత్రం నా వల్ల కాదు. ఈ సగం నోము నాకు అంటించింది విజయ మేడమ్. నాకు పని నేర్పింది కూడా ఆవిడే. నా పని టీవీ రియాలిటీ షోలు ఎడిట్ చేయడం.

ఇందిరాపురంలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు ఏ పుట్టినరోజు భోజనానికి వెళ్ళినా, నేనేం చేస్తానో తెలియగానే ఎవరో ఒక అంకుల్ అడుగుతారు: "ఆ షోలలో జరిగేదంతా నిజమేనామ్మా, లేక ముందే రాసిపెట్టుకుంటారా?" అడిగేటప్పుడే ఆయన ముఖంలో జవాబు తెలిసిపోయిన చిరునవ్వు ఉంటుంది. ఒకప్పుడు ఆ చిరునవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు "కొంత నిజం, కొంత వంట అంకుల్" అనేసి అప్పడం కొరుక్కుంటాను. పూర్తి జవాబు చెప్పాలంటే విజయ మేడమ్ గురించి చెప్పాలి. అది పప్పుకీ చారుకీ మధ్య అయ్యే పని కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నేను ఢిల్లీకి వచ్చింది సివిల్స్ రాయడానికి. రెండుసార్లూ ప్రిలిమ్స్ గడప దాటలేదు. ఇంటికి వెళ్ళి ముఖం చూపించడానికి మనసొప్పక, నోయిడాలో ఒక స్టూడియోలో దొరికిన ఉద్యోగంలో చేరాను. కెమెరాలు తీసిన గంటల కొద్దీ వీడియో చూసి, ఎవరు ఏ నిమిషంలో నవ్వారు, ఎప్పుడు ఏడ్చారు, ఎప్పుడు ముఖం మాడ్చుకున్నారు అని రాసిపెట్టాలి. రాజ్యాంగ అధికరణాలు బట్టీ పట్టిన బుర్రకు అదొక శిక్షలా తోచింది. మా ఎడిటింగ్ గదికి పెద్ద విజయ మేడమ్. కాకినాడ మనిషి, ఢిల్లీకి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. పొట్టిగా ఉండేవారు. కాటన్ చీర కట్టుకుని, ఏసీ పడక భుజం మీద ఎప్పుడూ ఒక శాలువా వేసుకునేవారు. స్టూడియోలో అందరికీ దీదీ. నేను తెలుగమ్మాయినని తెలియగానే కుర్చీ ఇటు తిప్పి, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. కరీంనగర్ అన్నాను. "అయితే పని వచ్చేస్తుందిలే. మీవాళ్ళకి మొహమాటం తక్కువ. ఈ గదిలో కావాల్సింది అదే."

మొదటి వారమంతా శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూడమన్నారు. రెండో వారం తెర ఆర్పేసి మాటలు మాత్రమే వినమన్నారు. "ముఖం చెప్పిందీ, గొంతు చెప్పిందీ ఒకటే అయితే అది రాసుకో. వేరువేరుగా చెప్తే ఇంకోసారి చూడు" అనేవారు. నాకు విసుగొచ్చేది. చదువుకున్న పిల్లను కూర్చోబెట్టి ఈవిడ నాతో కళ్ళకు గంతలాట ఆడిస్తోందేమిటి అనుకునేదాన్ని.

ఒకరోజు నన్ను సెట్ మీదికి తీసుకెళ్ళారు. అప్పుడు మేం చేస్తున్నది వంటల పోటీ. ఢిల్లీ చుట్టుపక్కల నుంచి వచ్చిన గృహిణులు వరసగా పొయ్యిల వెనక నిలబడి ఉన్నారు. జడ్జీలు ఇంకా రానే లేదు, స్టేజి ఖాళీగా ఉంది. అయినా ఒకాయన మైకులో "ఏక్ బార్ ఔర్! అబ్ థోడా హైరాన్ హోకే!" అని అరుస్తుంటే, అందరూ ఆ ఖాళీ స్టేజిని చూసి చప్పట్లు కొడుతున్నారు, ఆశ్చర్యంగా నోళ్ళు తెరుస్తున్నారు. తర్వాత అవసరమైన చోట అతికించుకోవడానికి అవన్నీ తీసి ఉంచుకుంటారు. ఏడోసారి మళ్ళీ కొట్టమనేసరికి చివరి పొయ్యి దగ్గరున్న ఆవిడ కళ్ళు పైకి తిప్పి, మూతి వంకర పెట్టింది. నాకు నవ్వొచ్చింది.

"మేడమ్, గిదంత అబద్ధమేనా?" అన్నాను.

"చప్పట్లు అబద్ధమే. ఆ కిటికీలోంచి పడే ఎండ కూడా అబద్ధమేనే, అది లైటు. కానీ మూతి తిప్పిందే, ఆవిడ చేతులు చూడు. పోటీ ఇంకా మొదలవకుండానే వణుకుతున్నాయి. అలా వణకమని ఆవిడకి ఎవరు చెప్పారు? గంటల్ని నిమిషాలు చెయ్యి లావణ్యా, ఎవరూ కాదనరు. ఒకళ్ళ మనసు తీసేసి ఇంకోటి పెట్టకు."

నేను తలాడించాను. చేతుల్లో వణుకు చూశాను, ఎరుపు చూడలేదు. ఆ రోజు కర్వా చౌథ్ మర్నాడు.

ఆవిడ పేరు కమలేశ్. గాజియాబాద్‌లో ఒక ఇరుకు గల్లీలో ఉంటూ ఆఫీసులకు టిఫిన్ డబ్బాలు కట్టే మనిషి. రెండు వారాలు గడిచాక ఒక ఎపిసోడ్‌లో, గురుగ్రామ్ నుంచి వచ్చిన రిచా అనే అమ్మాయి చేసిన కఢీకి, అంటే మన మజ్జిగ పులుసు లాంటిదానికి, జడ్జీలు లేచి నిలబడ్డారు. చానల్ తరఫున మా పని చూసే సక్సేనా గారు గదిలోకి వచ్చి, కమలేశ్ ముఖంలో కాస్త మంట కనిపించాలి అన్నారు. విజయ మేడమ్ ఆ పూట పన్ను పీకించుకోవడానికి వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పాత వీడియోలు వెతికి, ఆ చప్పట్ల రోజు కమలేశ్ కళ్ళు తిప్పిన ముక్క తీసి, జడ్జీల మెచ్చుకోలు పక్కన అతికించాను. కొంచెం నెమ్మది చేశాను. కింద ఒక సంగీతం ముక్క వేశాను. అసూయతో ఉడికిపోతున్న ఆడమనిషి తయారైంది. ఎంత బాగా కుదిరిందంటే, చేసిన నాకే కమలేశ్ మీద కోపం వచ్చింది.

సక్సేనా గారు చప్పట్లు కొట్టారు. "క్యా కట్ హై! ఈ ఎపిసోడ్‌కి ఎడిటర్‌గా నీ పేరే వేయిస్తాను." నాకు భూమ్మీద కాలు ఆనలేదు. రెండేళ్ళుగా ఏ జాబితాలోనూ కనిపించని పేరు అది.

అంతలో మేడమ్ వాచిన చెంపకు శాలువా అడ్డం పెట్టుకుని వచ్చారు. ఆ ముక్క ఒకసారి చూశారు. ఇంకోసారి చూశారు. లేచి, తన అరచేతిని తెరకు ఆనించారు.

"నేను అట్లతద్దికి పెట్టుకున్నాను. కమలేశ్ కర్వా చౌథ్‌కి పెట్టుకుంది. ఒక్కరోజు తేడా. నాది గోళ్ళకి తప్ప ఎక్కడా మిగల్లేదు. మరి ఆవిడ చెయ్యి ఇంత ఎర్రగా ఎలా ఉందే?"

దొరికిపోయానని తెలిసింది. అయినా పొగరు తగ్గలేదు. "చేతులెవరు చూస్తరు మేడమ్? అందరు మొఖమే చూస్తరు."

ఆవిడ నడవాలోకి వెళ్ళి, నేల తుడిచే శాంతినీ, మేకప్ గదిలో జడలు వేసే ఇద్దరినీ పిలుచుకొచ్చారు. ఏ ఎపిసోడ్ అయినా చానల్‌కి పంపే ముందు వాళ్ళకు చూపించడం ఆవిడ అలవాటు. షో చూసేది వాళ్ళలాంటి వాళ్ళే కదా అనేవారు. నా ముక్క ఆడించారు. అది పూర్తవకముందే శాంతి చీపురు గోడకు ఆనించి ముందుకు వంగింది.

"అరే దీదీ, యే మెహందీ తో కర్వా చౌథ్ కీ హై! నిన్న సెట్ తుడుస్తుంటే చూశాను, ఆవిడ చేతులు వెలిసిపోయి ఉన్నాయి."

జడలు వేసే వాళ్ళిద్దరూ పకపకా నవ్వారు. మేడమ్ నా వైపు తిరిగి తెలుగులో, "అరచేతి రేగుపండుకి అద్దం కావాలా?" అన్నారు.

సక్సేనా గారు మాత్రం బెదరలేదు. "దానికేముంది, జూమ్ చేసి చేతులు ఎగరగొట్టు. ముఖం ఉంటే చాలు" అని నాకే చెప్పారు. అందరూ నా వైపు చూశారు. మౌస్ నా చేతిలో ఉంది. రెండు నొక్కులు నొక్కితే చేతులు పోతాయి, ముఖం మిగులుతుంది, నా పేరు తెర మీద పడుతుంది.

"ఆవిడ రేపు కూడా అదే గల్లీలో కూరగాయలు కొనుక్కోవాలి లావణ్యా" అన్నారు మేడమ్. "ఆ పైన నీ ఇష్టం. ఈ పూట ఎడిటర్‌వి నువ్వే."

అంతే అన్నారు. గద్దించి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. నాకు ఆ ఏడో చప్పట్లు గుర్తొచ్చాయి. ఆ మూతి తిప్పుడు రిచాను చూసి కాదు, మమ్మల్ని చూసి. నేను అక్కడే నిలబడి చూశాను, చూసి నవ్వాను కూడా. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నహీ హోగా సర్" అన్నాను. కుదరదన్న ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. "పాంచ్ మినట్ దీజియే."

జడ్జీలు లేచి నిలబడ్డప్పుడు కమలేశ్ నిజంగా ఏం చేసిందో ఏదో ఒక కెమెరా చూసి ఉండాలి. నాలుగోది చూసింది. బొమ్మ సరిగ్గా ఫోకస్‌లో లేదు, అంచున ఒక లైటు స్టాండు అడ్డం ఉంది. కమలేశ్ ముఖం మొదట మాడిన మాట నిజమే. ఒక్క క్షణం దిగులుగా తన గిన్నెలోకి చూసుకుంది. తర్వాత చున్నీకి చెయ్యి తుడుచుకుని, తిన్నగా రిచా పొయ్యి దగ్గరికి నడిచి, కఢీలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "నమక్ చుట్కీ భర్ కమ్ హై," అంది. ఉప్పు చిటికెడు తక్కువైంది. కాసేపాగి, "పర్ ముఝ్ సే అచ్ఛీ బనీ హై" అంది. నా కంటే బాగా కుదిరింది అని. రిచా ఏడుస్తూ నవ్వేసింది, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు.

సక్సేనా గారు గొంతు సవరించుకుని, "ఫోకస్ లేదు" అన్నారు.

శాంతి ఆయన మాట విననే లేదు. "దీదీ, ఏక్ బార్ ఔర్ దిఖావో నా" అంది. ఈసారి "ఇంకోసారి" అన్నది మైకు పట్టుకున్న మనిషి కాదు. మళ్ళీ ఆడించాను. రెండోసారి సక్సేనా గారు కూడా నవ్వారు, ఆపుకుందామని చూశారు గానీ కుదరలేదు. "ఠీక్ హై. మ్యూజిక్?" అన్నారు వెళ్తూ వెళ్తూ. "వద్దు సర్" అన్నాను.

అది అలాగే ప్రసారమైంది. మసక బొమ్మతో, లైటు స్టాండుతో, సంగీతం లేకుండా. మర్నాడు వైశాలిలో కూరల బండి దగ్గర ఒకావిడ టమాటా ఎంచుతూ "నమక్ చుట్కీ భర్ కమ్ హై" అంటే బండివాడు "పర్ ముఝ్ సే అచ్ఛీ హై" అన్నాడు. వారం తిరిగేసరికి మెట్రోలో, ఆటో స్టాండులో ఎక్కడ చూసినా అదే మాట. అది విన్నప్పుడల్లా నడిరోడ్డు మీద ఎగిరి గంతెయ్యాలనిపించేది. మా అమ్మ కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. "పేరు చూసిన బిడ్డా. గని ఉరుకుతనే పాయె, నాయినను పిలిస్తె ఆయన వచ్చేలోపట లేదు." సక్సేనా గారు మాట తప్పలేదు మరి.

కమలేశ్ పోటీలో గెలవలేదు, మూడో స్థానంలో ఆగిపోయింది. కానీ ఆఖరి రోజున నాలుగు అరల టిఫిన్ డబ్బాతో మా గదికి వచ్చింది. "నా మాడిన ముఖం కూడా చూపించారు. మా గల్లీలో అందరికీ అదే నచ్చింది. వాళ్ళకీ అలాగే అవుతుందిట" అని నవ్వుతూ వడ్డించింది. ఆవిడ వెళ్ళాక నేను ఆలూ పరాఠా చేతిలో పట్టుకుని, ఆ రోజు నన్నెందుకు తిట్టలేదని మేడమ్‌ని అడిగాను.

"నేనూ చేశానే, నీ వయసులో. పాటల పోటీకి వచ్చిన ఒక పిల్లకి లేని పొగరు అంటగట్టాను. అందరూ భలే ఉందన్నారు. ఆ పిల్ల మళ్ళీ ఎక్కడా పాడలేదు." ఆవిడ పరాఠా ముక్క తుంపి చాలాసేపు అలాగే పట్టుకున్నారు. "అప్పుడు నా పక్కన చెయ్యి పెట్టి చూపించేవాళ్ళు లేరు."

మేడమ్ ఉద్యోగం మానేసి కాకినాడ వెళ్ళిపోయేటప్పుడు, తన బాల్కనీలో కుండీలో పెంచుకున్న గోరింట మొక్కను నాకిచ్చారు. ఇప్పుడు ఆ గదిలో ఆవిడ కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. ఏటా అట్లతద్దికి ఆ ఆకే రుబ్బి పెట్టుకుంటాను. ఆ తర్వాత రెండు మూడు వారాలు, ఏ ముఖం మీదైనా అనుమానం వస్తే అరచెయ్యి తెరకు ఆనించి చూస్తాను. ఎపిసోడ్ చానల్‌కి వెళ్ళే ముందు శాంతి వచ్చి చూస్తుంది, ఆవిడకిప్పుడు ప్రత్యేకంగా ఒక కుర్చీ ఉంది. ప్రసారమైన మర్నాడు కాకినాడ నుంచి ఫోన్ వస్తుంది. "రెండో భాగంలో ఆ పిల్ల గాజులు మారాయేంటే?" అనో, "ఆ కన్నీళ్ళు ఇంకాస్త ముందే మొదలయ్యాయి కదా, ఎందుకు కోశావ్?" అనో అక్షింతలు పడతాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వంక పెట్టకుండా ఫోన్ పెట్టేయలేదు.

ఈ ఉదయం మెట్రోలో, ఆ మెహందీ చేతుల మధ్య నిలబడి ఉండగా ఫోన్ మోగింది. నిన్న ప్రసారమైన ఎపిసోడ్ గురించేనని తెలుసు. తిట్లకు సిద్ధపడి ఎత్తాను. అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఉప్పు సరిపోయిందే" అన్నారు మేడమ్, పెట్టేశారు.

యమునా బ్యాంక్‌లో దిగి నోయిడా రైలు ఎక్కాల్సినదాన్ని, దిగడం మరిచిపోయి ఇంద్రప్రస్థ దాకా వెళ్ళిపోయాను.