ఊరికే చూసిన సినిమా

టైలరమ్మకి సినిమాల పిచ్చేమీ లేదు. ఆదివారం భర్తకి డ్యూటీ ఉండదు. ఇద్దరూ ఇంట్లో కూర్చుంటే మధ్యాహ్నానికల్లా మాట మీద మాట పెరుగుతుంది. అందుకని వీధి చివరి థియేటర్లో ఏది ఆడుతుంటే అది మ్యాట్నీ చూసి వచ్చేవారు. ఆయన బస్సు డ్రైవరు. తెర మీద పేర్లు పూర్తయ్యేలోపే నిద్రపోయేవాడు, విశ్రాంతిలో లేచి టీ తాగి మళ్ళీ పడుకునేవాడు, బయటికొచ్చాక "బాగుంది" అనేవాడు. ఆవిడ మాత్రం రెప్ప వాల్చకుండా చివరిదాకా చూసేది. చూసినదాన్ని సోమవారం పొద్దున షాపు తెరిచింది మొదలు ఉతికి ఆరేసేది.

షాపంటే ఒక్క గది. గుమ్మానికి దగ్గరగా మెషిను, వెనక కత్తిరించే బల్ల, గోడ వారగా ఒక బెంచీ. పక్క వీధిలో ఆసుపత్రి ఉండటంతో నర్సుల యూనిఫాంలన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. మిగతాది ప్యాంట్ల కాళ్ళు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, నడుములు వదులు చెయ్యడం. పది నిమిషాల పని కాబట్టి వచ్చినవాళ్ళు బెంచీ మీదే కూర్చునేవారు. కూర్చున్నవాళ్ళు ఊరుకోలేక, ఈ వారం సినిమా ఎలా ఉందని అడిగేవారు.

ఓడరేవులో నలభైమందిని ఒంటిచేత్తో మట్టికరిపించిన వీరుడి గురించి అడిగితే, ఆవిడ ముందు చొక్కా సంగతి ఎత్తింది. చిరిగిందన్నారు సరే, ఎక్కడ చిరిగింది? సరిగ్గా కుట్టు దగ్గర. ముందే కుట్టు విప్పేసి రెండు పోగులతో తగిలించి ఉంచారు. బట్ట నిజంగా చిరిగితే పీచు లేస్తుంది. ఇరవై ఏళ్ళుగా జనం చింపుకొచ్చినవి చూస్తున్న మనిషికే చెవిలో పువ్వు పెడదామనుకున్నారు. ప్రేమకథలో హీరోయిన్ ఒకే ఏడుపు ఏడుస్తూ మూడు గౌన్లు మార్చింది. కన్నీళ్ళు ఆరకముందే ఇస్త్రీ బట్టలు ఎవరు అందించారో డైరెక్టరుకే తెలియాలి. దెయ్యం సినిమాలో దెయ్యం కంటే పక్క సీట్లో మా ఆయన గురకే ఎక్కువ భయపెట్టిందని చెప్పింది. తండ్రిని చంపినవాడెవడో చెప్పకుండా మిగతాది రెండో భాగంలో చూసుకోమన్న సినిమాకైతే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"చొక్కాకి ఒక చెయ్యి కుట్టిచ్చి, రెండో చెయ్యి వచ్చే ఏడాది ఇస్తానంటే మీరు ఊరుకుంటారా? నన్ను బల్లతో సహా రోడ్డు మీదకి ఈడుస్తారు. వాళ్ళకి మాత్రం ఈలలు వేస్తారు."

జనం పడీపడీ నవ్వేవారు. నవ్వాక, ఇంక వెళ్ళడం దేనికిలే అనుకుని ఇంటికి పోయేవారు.

ఒక మంగళవారం థియేటరు మేనేజరు కోటు పట్టుకుని వచ్చాడు. నడుము దగ్గర బిగుతయిందట. కొలత ఇస్తూనే అసలు సంగతి బయటపెట్టాడు.

"అమ్మా, మీ బెంచీ ఎక్కి దిగినవాడు నా మెట్లు ఎక్కట్లేదు."

"మంచి సినిమా వెయ్యండి, నేనే పంపిస్తాను," అంది ఆవిడ, టేపు వదలకుండా.

తాను వేసేవాడేగాని తీసేవాడు కాదని ఆయన వాపోయాడు. తర్వాత జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఏడాది పాటు ఇద్దరికి, వెనక వరస మెత్తటి సీట్లలో, ఏ సినిమా అయినా ఊరికే. టైలరమ్మ వద్దనబోయింది. ఆ సమయానికి భోజనానికి వచ్చిన భర్త ఆ కార్డు తీసుకుని చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు. వచ్చినదాన్ని కాలదన్నుకుంటారా, ఆయనేమన్నా పొగడమన్నాడా అని ఇంట్లో వాదించాడు. నిజమే, మేనేజరు ఆ మాట అనలేదు. అనకపోవడంలోనే ఉంది ఆయన తెలివంతా.

ఆ ఆదివారం వాళ్ళని మేనేజరే స్వయంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు, కాఫీలు పంపించాడు. సినిమా చూస్తే, ఖర్మ కాలి, ఒక టైలరు పిల్ల కథ. ఆ పిల్ల గోళ్ళకి రంగుతో, విరబోసుకున్న జుట్టుతో మెషిను ముందు కూర్చుని, పాట అయిపోయేలోపు ముత్యాలు పొదిగిన గౌను కుట్టిపారేసింది. మెషిను పరుగెడుతోంది. సూదిలో దారం లేదు. రెండున్నర గంటల్లో ఒక్కసారైనా లేదు. టైలరమ్మ పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. విశ్రాంతిలో మేనేజరు వచ్చి, మీ వృత్తి మీదే తీశారు, ఎలా ఉందమ్మా అని అడిగాడు. చేతిలో ఆయనిచ్చిన కాఫీ ఉంది.

"బాగానే ఉందండీ," అంది.

ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందా అన్నట్టు భర్త నిద్రమత్తులోనే తలతిప్పి చూశాడు.

సోమవారం కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు యూనిఫాం కోసం వచ్చింది. నెలకి ఒక్క ఆదివారమే ఆ పిల్లకి సెలవు. వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు, గడప దాటి ఎన్నాళ్ళో అయింది. ఈసారి సినిమాకి తీసుకెళ్దామనుకుంటున్నాను, వెళ్ళొచ్చా అక్కా అని అడిగింది. టైలరమ్మ గుండీ కుడుతున్న చోటునుంచి తల ఎత్తలేదు. ఊరికే చూసి వచ్చి తిడితే ఏం మర్యాద అనుకుంది. ఫర్వాలేదు, చూడొచ్చు అంది.

ఆ పిల్ల రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చింది. అప్పటికి బెంచీ ఖాళీగా ఉంది. కుట్టించుకోవలసింది ఏదీ తేలేదు.

"అమ్మని ఆటోలోంచి దింపి, మెట్లు ఎక్కించి తీసుకెళ్ళాను అక్కా. పాపం సగంలోనే ఇంటికి పోదామంది. ఆ సూదిలో దారం లేదు. దారం ఎక్కించడం కూడా రాని నాకే కనిపించింది. నీకు కనిపించలేదా?"

తేలుకుట్టిన దొంగలా కూర్చుండిపోయింది టైలరమ్మ. ఇన్నాళ్ళూ డైరెక్టర్లని అబద్ధాలకోరులని తిట్టిన నోరు అది. వాళ్ళ అబద్ధానికి కనీసం కోట్ల ఖరీదన్నా ఉంటుంది. తను ఒక కాఫీకి, మెత్తటి సీటుకి పడిపోయింది. కనిపించింది అని మాత్రం అంది. ఆ పిల్ల ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

మర్నాడు భర్త జేబులోంచి కార్డు తీసుకుని ఆవిడ థియేటరుకి వెళ్ళింది. మేనేజరు గదిలో లెక్కలేనన్ని పోస్టర్లు చుట్టలు చుట్టి ఉన్నాయి. ఆవిడ కార్డు తిరిగి ఇవ్వబోతే, ఏం తక్కువ చేశామమ్మా అని నొచ్చుకున్నాడాయన.

"మీరేం తక్కువ చెయ్యలేదు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. నాకేమో పళ్ళు లెక్కపెట్టకపోతే నిద్రపట్టదు. నా టికెట్టు నేనే కొనుక్కుంటాను."

మేనేజరు నవ్వి కార్డు సొరుగులో వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఈ హాల్లో ఒక్క సినిమా కూడా తాను పూర్తిగా చూడలేదన్నాడు. చూస్తే వెయ్యబుద్ధి కాదట. ఆవిడకి ఆ మనిషి మీద కోపం కూడా రాలేదు. ఒక్క మెతుకు కూడా రుచి చూడకుండా ఊరందరికీ వడ్డిస్తున్నాడు, వీడితో నాకు పోటీయా అనుకుంటూ మెట్లు దిగింది. మెత్తటి సీటు పోయినందుకు భర్త మూడు రోజులు ముభావంగా ఉన్నాడు.

తర్వాత నాలుగు నెలలు పాత తీరే. తిట్లకి పదును పెరిగింది కూడా. బెంచీ నిండింది. ఆ నర్సు బట్టలు తెచ్చేది, తీసుకెళ్ళేది, సినిమా ఊసు మాత్రం ఎత్తేది కాదు.

వానాకాలంలో పేరున్నవాళ్ళెవరూ లేని చిన్న సినిమా ఒకటి వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోని తండ్రీకూతుళ్ళ కథ. ఫైటు లేదు, పాట లేదు. చివర తండ్రి కూతుర్ని నీళ్ళ గ్లాసు ఇమ్మంటాడు, ఆ పిల్ల అందిస్తుంది, అంతే. టైలరమ్మ సీట్లోంచి వెంటనే లేవలేకపోయింది.

సోమవారం బెంచీ మీద నర్సు పిల్లతో కలిపి ముగ్గురున్నారు. చాలా బాగుంది, తప్పకుండా వెళ్ళండి అని చెప్పింది. వాళ్ళు వెటకారమనుకుని నవ్వారు. కాదు, నిజంగానే అంది. అప్పుడు జిప్పు మార్పించుకోవడానికి వచ్చినాయన కన్నుగీటి, "ఏంటమ్మా, మేనేజరు మళ్ళీ కార్డు పంపాడా?" అన్నాడు. ఆ సంగతి వీధంతటికీ తెలుసన్నమాట. నర్సు పిల్ల కూడా పెదవి బిగించి తన సంచీలోకి చూసుకుంది.

టైలరమ్మ ప్రమాణాలు చెయ్యలేదు, బతిమాలలేదు. బుధవారం షాపు మూసి ఒక్కతే వెళ్ళి ఆ సినిమా రెండోసారి చూసింది. హాల్లో తొమ్మిదిమంది ఉన్నారు. శుక్రవారానికి దాన్ని ఎత్తేశారు. దాని స్థానంలో వచ్చిన పెద్ద సినిమాని ఆవిడ ఆదివారం చూసి, సోమవారం చీల్చి చెండాడింది. ఆ తిట్లు మాత్రం అందరూ నమ్మారు.