పదిహేడు అల్లరి కాల్స్

పురపాలక కార్యాలయం మేడ మీద, మెట్ల పక్క గదిలో ఒక టీవీ, ఒక ఫోను, ఒక రిజిస్టరు, వాటన్నిటికీ అధిపతిగా ఒక గుమాస్తా ఉండేవారు. ఒప్పందం ప్రకారం కేబుల్ సంస్థ రోజూ ఒక గంట ఊరివాళ్ల కార్యక్రమాలు వేయాలి. వేసిందో లేదో ఆయన చూడాలి. జీతం తీసుకుని టీవీ చూసే మనిషి కాబట్టి ఆఫీసంతా ఆయన్ని టీవీగారు అనేది. ఇరవై రెండేళ్లుగా ఆ గంటలో ఆయన రెప్ప వాల్చి ఎరగరు. "నా మొహం కూడా అంత శ్రద్ధగా చూసుంటే మన కాపురం ఇంకోలా ఉండేది" అనేది భార్య.

ఆ గంటలో చివరి పావుగంట బట్టలు కుట్టే ఒకావిడది. ఆవిడకు వినపడదు, మాట రాదు. నీళ్లు ఏ వీధికి ఎప్పుడొస్తాయో, ఏ రోడ్డు తవ్వారో, ఆసుపత్రిలో ఎవరు సెలవో అంతా చేతులతో చెప్పేది. టీవీగారికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా "సంతృప్తికరం" అని రాసేవారు.

ఆ పావుగంట ప్రకటనలకిమ్మని సంస్థ అర్జీ పెట్టుకుంది. పాలకవర్గం తీవ్రంగా ఆలోచించి ఒక పరీక్ష పెట్టింది. వారం పాటు ఆపి చూద్దాం, పది ఫిర్యాదులొస్తే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం అంది. ఫిర్యాదులు ఫోన్లో మాత్రమే తీసుకుంటామని తెర మీద నంబరు వేయించింది.

ఆ వారం ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే అవతల మాట లేదు. ఊపిరి వినపడేది, ఒక్కోసారి గొంతులో ఏదో గురగుర. "అల్లరి కాల్" అని రాసుకున్నారు టీవీగారు. అయిదో రోజు ఓపిక చచ్చి, "ఏం, నోరు పడిపోయిందా?" అని కసిరి ఫోను పెట్టేశారు కూడా. వారాంతానికి అల్లరి కాల్స్ పదిహేడు, ఫిర్యాదులు సున్న.

మర్నాడు కుట్టుపని ఆవిడ వచ్చి కాగితం మీద రాసి చూపించింది. "మావాళ్లు పదిహేడు మంది చేశారు. చాలా?"

"ఎవరూ మాట్లాడలేదే" అని రాశారాయన. రాశాక ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టేశారు.

ఆవిడ ఆయన చెయ్యి పక్కకు జరిపి చదివింది. "ఫోను తెర మీద సెకన్లు కదిలాయి. ఎత్తారని తెలిసింది. లెక్కలోకి వచ్చిందనుకున్నాం" అని రాసింది.

టీవీగారు పదిహేడు చోట్ల "అల్లరి కాల్" కొట్టేసి "ఫిర్యాదు" అని రాసి, పక్కన సంతకాలు పెట్టారు.

"బావగారూ, రిజిస్టరు దిద్దితే కొంప మునుగుతుంది. రిటైర్మెంటుకి ఏడాది లేదు" అన్నాడు పక్క గది గుమాస్తా.

"మునగనీవయ్యా."

పాలకవర్గం అధ్యక్షుడు ఆ కొట్టివేతలు చూసి కళ్లజోడు తీశాడు. "అవతల ఏమీ అనలేదంటున్నారు. మరి ఫిర్యాదని మీకెలా తెలిసింది?"

"అప్పుడు తెలియలేదండీ. తెలియక ఒకరిని తిట్టాను కూడా. అది రిజిస్టర్లో లేదు, రాసుకోండి."

దిద్దినందుకు మందలింపు ఇచ్చారు. సాయంత్రంలోగా ఆ ఫోన్లు చేసినవాళ్లవి పది సంతకాలు తెస్తే పావుగంట ఉంటుందన్నారు. ఆవిడతో కలిసి ఆయన పదిహేడు గుమ్మాలూ ఎక్కారు. ఎనిమిది ఇళ్లకు తాళాలు. సంతకాలు తొమ్మిదే అయ్యాయి. చివరివాడు గడియారాలు బాగుచేసే ముసలాయన, అయిదో రోజు ఫోను చేసింది ఆయనే. ఇంటికి తాళం వేసి కొట్లో కూర్చుని ఉన్నాడు.

మిగతా అందరి కాలూ నిమిషం పైనే నడిచిందట. "నాది పదకొండు సెకన్లే. పనికొస్తుందా?" అని ఆయన చేతులతో అడిగితే, ఆవిడ రాసి చూపించింది.

టీవీగారు కాగితం తీసుకుని ఆ రోజు తానన్న మాట ఒక్క అక్షరం తగ్గించకుండా రాశారు. కింద "ఫోను నేనే పెట్టేశాను" అని రాశారు.

ముసలాయన భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివాడు. టీవీగారి మొహంలోకి చూశాడు. తర్వాత సంతకం చేసి, పెన్ను తిరిగివ్వకుండా, కింద ఇంకో వాక్యం రాశాడు.

"తొందరగా మొదలుపెట్టండి. వారమైంది, మా వీధికి నీళ్లెప్పుడో తెలియడం లేదు."