మూడుసార్లు ఓడించిన పిల్ల

ఎనభైల చివర్లో నేను తెనాలిలో లెక్కల మాస్టారుని. నలభై దాటాక చదరంగం పోటీలకు వెళ్లడం మొదలుపెట్టాను. ఒకే ఏడాదిలో మూడుసార్లు, బాపట్ల నుంచి వచ్చే ఒక ఏడో తరగతి పిల్ల చేతిలో ఓడిపోయాను. మూడోసారి ఇరవై ఎత్తులైనా నిలవలేదు. గుర్రాన్ని కదిపి చెయ్యి తీశాక గానీ నా మంత్రికి కాపు లేదని కనపడలేదు. ఆ పిల్ల దాన్ని మెల్లగా తీసి పక్కన పెట్టుకుంది.

సోమవారం బడికి వెళ్లాలంటే మొహం చెల్లలేదు. వెనక బెంచీలో ఎవరు నవ్వినా నా సంగతే అనుకున్నాను. ఆట రాసుకున్న కాగితాన్ని విప్పి చూసే ధైర్యం లేదు. ఇక ఆడనని ఇంట్లో చెప్పేశాను గానీ, రేపల్లె పోటీకి అప్పటికే పేరిచ్చి ఉన్నాను. అక్కడా ఆ పిల్లే తగిలితే?

రెండు వారాలు ఆ గుబులుతోనే గడిపి, ఒక ఆదివారం బాపట్ల పాసింజరెక్కాను. ఆ పిల్ల వాళ్లమ్మ నర్సు. పోటీలకు తోడు వచ్చేది కాబట్టి ముఖపరిచయం ఉంది. ఇల్లు అడిగితే స్టేషను దగ్గరే చెప్పారు. ఆవిడ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటండీ, మా పిల్ల ఏమైనా పొరపాటు చేసిందా?"

లేదండి అన్నాను. ఎలా ఓడిపోయానో తెలుసుకుందామని వచ్చానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. జేబులోంచి కాగితం తీసి చూపించాను.

ఆ పిల్ల పావులు పేర్చి, కాగితం చూస్తూ ఆటంతా మొదటి నుంచి వేసింది. పదకొండో ఎత్తు దగ్గర ఆపి, అక్కడ ఏం ఆలోచించారని అడిగింది. ఏమీ ఆలోచించలేదని ఒప్పుకున్నాను.

"మీరు బోర్డు చూడరు మాస్టారూ. ఎత్తు వేసేసి నా మొహం చూస్తారు."

నిజమే. తప్పు చేశానేమోనన్న భయంతో ఆ సంగతి ఆ పిల్ల కళ్లలో వెతికేవాణ్ణి.

"నీకు భయం వెయ్యదా?"

"వేస్తదండి. అందుకే వెయ్యబోయే ఎత్తు ముందు కాగితం మీద రాసుకుంటా. రాశాక బోర్డంతా ఇంకోసారి చూసి అప్పుడు వేస్తా."

తెనాలి వచ్చి పాత ఓటమి కాగితాలన్నీ తీశాను. దెబ్బతిన్న చోటల్లా ఎర్రసిరాతో సున్నా చుట్టాను. దాదాపు ప్రతి ఆటలోనూ తొందరే కొంప ముంచింది. అవతలివాళ్లు చెయ్యి తీసీ తీయకముందే నేను వేసేసేవాణ్ణి.

రేపల్లెలో రెండో రౌండులో ఆ పిల్లే ఎదురైంది. అరచేతుల చెమటకు పెన్ను జారిపోయేది. ప్రతి ఎత్తూ ముందు రాశాను, రెండుసార్లు రాసింది కొట్టేశాను. రెండున్నర గంటల తర్వాత ఇద్దరికీ రాజు, ఒక్కో బంటు మిగిలాయి. నేను డ్రా అడిగితే ఒప్పుకోలేదు. ఇంకో పది ఎత్తులు ఆడించి, అప్పుడు డ్రాకి చెయ్యి చాపింది.

గండం గడిచిందన్న తేలికలో తర్వాతి ఆట ఒక రైల్వే గుమాస్తాకు ఒప్పజెప్పాను. తిరుగు రైల్లో ఆ కాగితం విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. పదహారో ఎత్తు రాయకుండానే వేసేశానని వేమూరు దాటకముందే తెలిసింది.

తొంభైల మధ్య దాకా ఆడాను. నన్ను ఓడించిన వాళ్లలో చాలామందిని తర్వాత గెలిచాను, ఆ పిల్లను మాత్రం గెలవలేదు. పోటీ రోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగకపోవడం కూడా చివరిదాకా పోలేదు.