గోడలు వద్దన్న ఇల్లు

సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళ మీద నాకు పెద్ద గౌరవం లేదు. వాళ్ళకు ప్లాన్లు గీసిపెట్టే బతుకుతున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన, ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో నా ఆఫీసు. ఆ మెట్లెక్కి వచ్చినవాళ్ళలో నా ఒళ్ళు అంతగా మండించినవాళ్ళు ఆ దంపతులే.

ఇద్దరూ మాదాపూర్‌లో వేర్వేరు కంపెనీల్లో మేనేజర్లు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ప్రగతి నగర్‌లో చెరువుకు దగ్గరగా స్థలం కొన్నారు. ఆయన ఫోన్ తీసి, ఏ దేశానివో కాంక్రీటు ఇళ్ళ ఫోటోలు వేలితో జరుపుతూ చూపించాడు. ఒక్క ఫోటోలోనూ మనిషి లేడు. ఆరేసిన బట్ట లేదు. పొయ్యి మీద గిన్నె లేదు.

"మాకిలా ఓపెన్‌గా ఉండాలండి. లోపల గోడలొద్దు. మాది చాలా ఓపెన్ ఫ్యామిలీ" అన్నాడు.

"అవునండి, మా మధ్య దాపరికాలుండవు" అంది ఆవిడ, మోగుతున్న తన ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెడుతూ.

వాళ్ళతో పాటు ఆయన తల్లి కూడా ఉంటుందని మాటల మధ్యలో బయటపడింది. ఆవిడకు గది ఎక్కడ అని అడిగాను. హాల్లోనే ఒక మూల మంచం వేసి, చెక్క పలకల తడిక నిలబెడితే చాలన్నారు. "అత్తయ్య అందరి మధ్యా ఉంటే ఒంటరిగా అనిపించదు కదండీ" అంది కోడలు, ఏదో వరమిస్తున్నట్టు. అలాగే గీశాను. డబ్బిచ్చేవాళ్ళు వాళ్ళు.

ఆ వారంలోనే ఆయన ఒక్కడూ ఫోన్ చేశాడు. తన ఆఫీసు కింద కార్ పార్కింగ్‌లో ఉన్నట్టున్నాడు, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "మేడమ్, మేడ మీద నాకొక చిన్న గది కావాలి. ఎవరూ రాకుండా. ప్లాన్‌లో స్టోర్ అని రాసేయండి. ఏసీ పాయింట్ మర్చిపోకండి."

తర్వాత ఆయన భార్య లంచ్ టైములో స్వయంగా వచ్చింది. "మా ఆయనకు చెప్పకండి, ప్లీజ్. బట్టల గది అని పెట్టండి. లోపల్నుంచి గడియ ఉండాలి. కాసేపు తలుపేసుకుని కూర్చోవాలండి, అంతే."

రెండూ గీశాను. దాపరికాలు లేని ఆ కుటుంబాన్ని తలుచుకుంటే నవ్వు రాలేదు, అసహ్యమే వేసింది. తలుపు కావాలని అనుకోవడంలో తప్పేముంది? ఒకరికొకరు చెప్పుకోలేనివాళ్ళు ఊరందరికీ చూపించడానికి హాలు కట్టుకోవడమే నాకు మింగుడుపడలేదు.

పై స్లాబ్ కూడా పడ్డాక పెద్దావిడను మొదటిసారి సైటుకు తీసుకొచ్చారు. నన్నూ రమ్మన్నారు. ఆవిడ చెప్పులు విప్పబోతే కొడుకు వద్దన్నాడు. తన మూల ఎక్కడో అడిగి, అక్కడికెళ్ళి నిలబడి చుట్టూ చూసింది.

"చీర మార్చుకోవాలంటే ఎక్కడికెళ్ళాలిరా?"

"బాత్రూమ్ ఉందిగా అమ్మా."

"ఊరికే పడుకోవాలనిపిస్తేనో? మీ స్నేహితులొచ్చి ఇక్కడే కూర్చుంటారు. నాకు తలుపు కావాలి. లోపల్నుంచి వేసుకునే గడియ కావాలి."

"ఈ ఇంట్లో ఎవరికీ గడియలుండవమ్మా. కాన్సెప్టే అది" అన్నాడు కొడుకు. కోడలు నవ్వుతూ, "అత్తయ్యా, మీరింకా పాతకాలంలోనే ఉన్నారు" అంది.

ఇంక ఆగలేకపోయాను. "సార్, ప్లాన్‌లో మీ స్టోరుకు గడియ ఉంది, ఏసీ పాయింటూ ఉంది. మేడమ్ గారి బట్టల గదికీ లోపల్నుంచి గడియ ఉంది. పెద్దావిడ అడిగితేనే కాన్సెప్ట్ చెడిపోతుందా?" అన్నాను. గుట్టు బయటపెట్టినందుకు నాకిప్పటికీ బాధ లేదు.

ఆయన భార్య వైపు తిరిగాడు. "బట్టల గదికి లోపల గడియెందుకు?"

"స్టోరులో సామానుకి ఏసీ ఎందుకు?" అంది ఆవిడ.

అక్కడి నుంచి ఇంగ్లీషులోకి దిగారు. పనివాళ్ళకు అర్థం కాదనుకున్నారేమో. వాళ్ళు పని ఆపి మరీ విన్నారు. పెద్దావిడ మాత్రం కొడుకు వైపూ కోడలి వైపూ చూడలేదు. కింద పడున్న ఇటుక ముక్కతో నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసి, "గోడ ఇక్కడ, అమ్మాయ్" అంది నాతో.

మేస్త్రీ పాలమూరు వైపు మనిషి. తల గోక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఏంది మేడమ్, గోడ లేపాల్నా వద్దా? జర జల్ది చెప్పుండ్రి. సిమెంటు మాలు కలిపి పెట్టినం, గట్టిపడితే ఇగ పనికి రాదు."

"లేపండి" అన్నాను. భార్యాభర్తలను అడగలేదు. వాళ్ళు మెట్ల దగ్గర ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. మొదటి వరస ఇటుకలు పేర్చేదాకా గమనించనే లేదు. గమనించాక వద్దనే మొహం ఇద్దరికీ లేకపోయింది.

గృహప్రవేశానికి నన్ను పిలిచారు. వెళ్ళాను. హాలు నిండా ఆఫీసు స్నేహితులు. ఆయన తల్లి గదికి లేపిన, ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడను తడుముతూ, "ప్రైవసీకి ప్రైవసీ, ఓపెన్‌కి ఓపెన్. మొదటి నుంచీ నా ఐడియా ఇదేనండి" అని చెబుతున్నాడు. ఆవిడ పక్కనే నిలబడి తలూపుతోంది. నన్ను చూసి ఇద్దరూ ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత ఆయన, "వీరే మా ఆర్కిటెక్ట్, మేం చెప్పింది చెప్పినట్టు చేశారు" అని పరిచయం చేశాడు. అంత సిగ్గులేనితనానికి నమస్కారం పెట్టాను.

ఫోటోకి పెద్దావిడ కావాలని ఎవరో వెళ్ళి ఆవిడ తలుపు తట్టారు.

"పడుకున్నాను. తర్వాత రండి" అని లోపల్నుంచి వినిపించింది.

ఆ గొంతులో ఏ మొహమాటమూ లేదు. నేను ప్లేటు తీసుకుని భోజనాల వరసలో నిలబడ్డాను.